ఇంటి దగ్గరే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ మార్చే అబ్బాయికి

చి. సత్తిబాబుకు,

ఆశీస్సులు. నీ ఐ10 కారు ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పోయిందనీ, సెకండ్‌హ్యాండ్‌ది తెచ్చి ఇంటి దగ్గరే ఎక్కిద్దామనుకుంటున్నాననీ రాశావు. చెయ్యొచ్చు. పానాలు పట్టడం వచ్చినవాడివి, తోడుగా ఇంకో మనిషుంటే రెండు మూడు రోజుల్లో తేలే పని. కాకపోతే ఒకటి మనసులో పెట్టుకో. మార్చిన బాక్స్ నెల తిరక్కుండా మళ్ళీ పోయిందంటే, చాలాసార్లు దోషం ఆ బాక్స్‌ది కాదు. పాతది ఎందుకు పోయిందో చూసుకోకపోవడమో, ఎక్కించేటప్పుడు టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ తిప్పుడును ఆయిల్ ద్వారా బాక్స్‌కు అందించే గుండ్రటి భాగం) సరిగ్గా కూర్చోకపోవడమో కారణం అవుతుంది. అందుకే ఆ రెండు చోట్లా ఎక్కువ రాస్తాను.

అసలు పోయిందని ఎవరు చెప్పారు? బండి ఎప్పుడూ ఒకే గేరులో, ఎక్కువగా మూడో గేరులో బరువుగా లాగుతూ, రివర్స్ మాత్రం బాగానే పడుతుంటే అది లింప్ మోడ్. కంప్యూటర్ తనంతట తాను బండిని ఆ స్థితిలో పెడుతుంది. ఆయిల్ దారుల్ని తెరిచి మూసే కరెంటు వాల్వు సాలినాయిడో, స్పీడ్ సెన్సరో, వైరింగో చెడితే ఇలా జరుగుతుంది. మీ సముద్రపు పక్క ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు చిలుము పట్టడం మామూలే. ముందు స్కానర్ పెట్టించి కోడ్ చదివించు, కనెక్టర్లు ఊడదీసి శుభ్రం చేయించు. వందల్లో పోయేదానికి వేలు పోసుకోకు.

తర్వాత గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే కడ్డీ) లాగి తెల్ల కాగితం మీద రెండు చుక్కలు వెయ్యి. ఎర్రగా ఉంటే మంచిదే, వాడకానికి కాస్త గోధుమ రంగు తిరిగినా భయం లేదు. నల్లబడి మాడు వాసన కొడుతుంటే లోపల క్లచ్ ప్లేట్లు కాలాయి. రాజమండ్రి రోజ్‌మిల్క్ రంగులోకి తిరిగిందా, నీళ్ళు చేరాయన్నమాట. క్లచ్ ప్లేట్ల మీది లైనింగ్‌ను ఇనుప పళ్ళేనికి జిగురుతో అంటిస్తారు. నీరు తగిలితే ఆ జిగురు వదిలి లైనింగ్ పొరలుగా ఊడుతుంది. ఆయిల్ మార్చినా ఆ బాక్స్ ఇక బాగుపడదు.

ఆ నీళ్ళు ఎటు నుంచి వచ్చాయో తేల్చుకునే దాకా రెండో బాక్స్ కొనకు. ముఖ్యంగా రెండు దారులున్నాయి. గోదావరి వరదల్లో బండి మునిగితే బాక్స్ పైనుండే బ్రీదర్ గొట్టంలోంచి దిగుతాయి. మునగకపోతే రేడియేటర్‌లోంచి వస్తాయి. గేర్ ఆయిల్ చల్లబడే కూలర్ రేడియేటర్ ట్యాంకు లోపలే ఉంటుంది, అది చిల్లుపడితే కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్ళు) నేరుగా గేర్‌బాక్స్‌లోకి పోతుంది. రేడియేటర్ మూత తీసి చూస్తే లోపల జిడ్డు తేలుతూ కనిపిస్తుంది. అలాంటప్పుడు రేడియేటర్ కూడా మార్చాల్సిందే. పాత రేడియేటర్‌కే కొత్త బాక్స్ తగిలిస్తే దాన్నీ చంపినట్టే.

బాక్స్ కొనడానికి విజయవాడ ఆటోనగర్ వెళ్తానన్నావు, సరే. అదే మోడల్, అదే ఇంజిన్, ఏడాది కూడా దగ్గరిది కావాలి. బయట కనిపించేది ఒకేలా ఉన్నా లోపల గేర్ల నిష్పత్తి, సెన్సర్లు వేరుగా ఉంటాయి. కేసింగ్ మీద కొట్టిన కోడ్ పాతదాంతో అక్షరం అక్షరం సరిచూడు. కన్వర్టర్‌తో కలిపే తీసుకో. అమ్మేవాడి ముందే కన్వర్టర్ బయటికి లాగి దాని మెడ చూడు. నున్నగా మెరవాలి, గోటికి గీతలు తగలకూడదు. డ్రెయిన్ ప్లగ్‌కి అయస్కాంతం ఉంటే దానికంటిన బూడిదరంగు పేస్ట్ మామూలు అరుగుదలే. సూదుల్లాంటి ముక్కలో, రేకుల్లాంటి పలుకులో ఉంటే వదిలెయ్. మునిగిన బండి నుంచి తీసిందేమో కూడా కనిపెట్టాలి. బెల్ హౌసింగ్ (కన్వర్టర్‌ను కప్పే గంట ఆకారపు కేసింగ్) మూలల్లో ఎండిన ఒండ్రు, ఇన్‌పుట్ షాఫ్ట్ పళ్ళ మీద తుప్పు, కనెక్టర్ పిన్నుల మీద తెల్లపొడి కనిపిస్తే ఎంత చవగ్గా ఇచ్చినా వద్దు. పని చెయ్యకపోతే తిరిగి తీసుకుంటానని గడువుతో సహా బిల్లు మీద రాయించుకో.

పని ఎప్పుడంటే, సంక్రాంతి తర్వాత నుంచి వానలు పడేలోపు. ఎక్కడంటే సిమెంటు గచ్చు మీదే. మన మట్టి మెత్తన, పైకి ఎండినట్టున్నా బరువు పడితే జాకీ కాలు దిగబడుతుంది. గచ్చు లేకపోతే నాలుగు జాకీ స్టాండ్ల కిందా మందపాటి నాపరాళ్ళు పరిచి, ఒక రాత్రంతా బండి బరువు వాటి మీదే ఉంచి, పొద్దున్న లెవెల్ చూసుకుని అప్పుడు కిందికి దూరు. గుంట తవ్వుదామన్న ఆలోచన వద్దు, కాలవలు పారే రోజుల్లో అందులో నీరు ఊరుతుంది. ఇటుకలు, కొబ్బరి మొద్దులు స్టాండ్లుగా పెట్టనే పెట్టకు. ఇటుక చెప్పకుండా పగులుతుంది. ఒట్టి జాకీ మీద నిలబెట్టిన బండి కింద తల పెట్టనని నాకు మాటివ్వు.

చిన్న కారు ఆటోమేటిక్ బాక్స్ కన్వర్టర్‌తో కలిపి 60 నుంచి 80 కిలోల దాకా తూగుతుంది. ట్రాలీ జాకీ మీద దించాలి. ఇంజిన్‌ను పైనుంచి పట్టుకోవడానికి రెండు ఫెండర్ల గట్ల మీద ఆనే సపోర్ట్ బార్ అద్దెకు తెచ్చుకో. చైన్ బ్లాక్‌ను రేకుల షెడ్డు వాసానికి కట్టకు, అది రేకుల బరువు మొయ్యడానికి వేసింది.

విప్పడం అంత కష్టం కాదు, ఓపిక కావాలంతే. ముందు రోజే తుప్పు పట్టిన బోల్టులన్నిటికీ పెనెట్రేటింగ్ ఆయిల్ కొట్టి వదిలెయ్. చక్రాలు నేల మీదుండగానే హబ్ నట్లు వదులు చెయ్యి. దానికి పొడుగు పిడి, 30 లేదా 32 సాకెట్ కావాలి. బిగించేటప్పుడు కొత్త నట్లే వాడు. బ్యాటరీ నెగటివ్ తీసి, బ్యాటరీ, దాని ట్రే, ఎయిర్ ఫిల్టర్ డబ్బా పక్కన పెడితే బాక్స్ పైభాగం కనిపిస్తుంది. విప్పే ముందు ప్రతి కనెక్టర్‌నూ ఫొటో తియ్యి. ఆయిల్ దించి లీటర్ జాడీలో కొలిచి రాసుకో. బాల్ జాయింట్లు విడదీసి, యాక్సిల్ షాఫ్టులను కడ్డీతో తన్ని లాగాలి. సీల్ అంచుకు దెబ్బ తగలనివ్వకు. కూలర్ గొట్టాల నోళ్ళు శుభ్రమైన గుడ్డతో మూసెయ్.

స్టార్టర్ మోటార్ తీశాక గానీ, కింది చిన్న మూత తీశాక గానీ ఇంజిన్ వెనక క్రాంక్‌కు ఉండే పల్చటి పళ్ళెం, అంటే ఫ్లెక్స్ ప్లేట్‌ను కన్వర్టర్‌కు పట్టిన బోల్టులు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. క్రాంక్ పుల్లీ బోల్టుకు రాచెట్ వేసి గడియారపు ముల్లు తిరిగే వైపే తిప్పుతూ ఒక్కోటి తియ్యి. ఆ బోల్టులు విడిగా దాచు, వాటి స్థానంలో వేరేవి వెయ్యకు. ఒక్క పిసరు పొడుగైనా కన్వర్టర్ లోపలి క్లచ్ ముఖాన్ని గుంట పెట్టేస్తాయి. బెల్ హౌసింగ్ బోల్టులు పొడుగుల్లో తేడా ఉంటాయి కాబట్టి అట్టముక్కకు కన్నాలు పొడిచి అదే వరసలో గుచ్చు. చివరి రెండూ తీసే ముందు బాక్స్ కింద జాకీ ఆనించి, మౌంట్ విప్పు. కింద అడ్డంగా ఉండే చట్రం, సబ్‌ఫ్రేమ్, అడ్డొస్తే దాన్నీ దించాలి. బాక్స్ విడిపోయేటప్పుడు కన్వర్టర్ బాక్స్‌తోనే రావాలి, ఇంజిన్‌కు అంటుకుని ఉండిపోతే కడ్డీతో నెమ్మదిగా వెనక్కి తొయ్యి. దించాక ముందుకు వంచావంటే జారి కాళ్ళ మీద పడుతుంది, తీగతో కట్టు.

బయటికొచ్చాక తొందరపడకు. కూలర్‌లో పాత బాక్స్ పిండి అంతా పేరుకుని ఉంటుంది. స్టార్ట్ చేసిన మొదటి నిమిషంలోనే అది కొత్త బాక్స్‌లో ఆయిల్‌ను పంచే వాల్వ్ బాడీలోకి పోయి సన్నని దారుల్ని మూసేస్తుంది. ఆయిల్ ప్రవహించే దిశకు ఎదురుగా బాక్స్‌లో పోయబోయే రకం కొత్త ఆయిల్ ఒక లీటరు పోసి, తక్కువ ఒత్తిడి గాలితో తొయ్యి. అవతల నుంచి శుభ్రంగా వచ్చే దాకా మళ్ళీ మళ్ళీ చెయ్యి. కిరసనాయిలు పోయకు, మూలల్లో మిగిలిపోయి కొత్త ఆయిల్‌ను పలచన చేస్తుంది. పలుకులు వస్తూనే ఉంటే రేడియేటర్ మార్చు. కన్వర్టర్ మెడ సీల్, రెండు యాక్సిల్ సీళ్ళు, డ్రెయిన్ ప్లగ్ వాషర్ కొత్తవి వెయ్యి. ఇంజిన్ వెనక క్రాంక్ సీల్ చెమర్చినట్టున్నా ఇప్పుడే మార్చు, మళ్ళీ బాక్స్ దించితే గానీ అది అందదు. ఫ్లెక్స్ ప్లేట్ బోల్టు కన్నాల చుట్టూ పగుళ్ళున్నాయేమో టార్చి వేసి చూడు.

ఇప్పుడు కన్వర్టర్. దీన్ని నిదానంగా చదువు. బాక్స్‌ను బెల్ హౌసింగ్ పైకి ఉండేలా నిలబెట్టి, కన్వర్టర్‌లో సుమారు లీటరు ఆయిల్ పోసి, దాన్ని షాఫ్ట్ మీద పెట్టి నెడుతూ రెండువైపులా తిప్పు. లోపల ఇన్‌పుట్ షాఫ్ట్, స్టేటర్ షాఫ్ట్, ఆయిల్ పంపు మూడూ దానికి అమరాలి. ఒక్కోటి పట్టుకున్నప్పుడల్లా అది టక్కున ఇంకాస్త లోపలికి దిగుతుంది. చాలామంది రెండు దిగుళ్ళు విని అయిపోయిందనుకుంటారు, మూడోది పంపుది, దాన్ని వదిలేస్తే పని మొత్తం చెడుతుంది. హౌసింగ్ అంచు మీద ఇనుప స్కేలు అడ్డంగా పెట్టి, కన్వర్టర్ బోల్టు చెవుల దాకా ఎంత లోతుందో మిల్లీమీటర్లలో కొలువు. పాత బాక్స్ దించగానే అదే లోతు కొలిచి రాసుకుంటే పోల్చుకోవచ్చు.

బాక్స్ ఎక్కించేటప్పుడు బాక్స్‌ను ఇంజిన్‌కు సరిగ్గా ఎదురుగా నిలిపే రెండు డోవెల్ పిన్నులూ వాటి చోట్ల ఉన్నాయో లేదో చూడు. ముఖాలు రెండూ చేతి ఒత్తిడికే కలవాలి. సందు మిగిలితే బోల్టులతో లాగి కలపకు. పంపుకు అమరని కన్వర్టర్‌ను బోల్టులు నొక్కితే పంపు గేరు అక్కడే విరుగుతుంది, స్టార్ట్ చెయ్యకముందే బాక్స్ పాడయిపోతుంది. ముఖాలు కలిశాక లోపలికి చెయ్యి పెట్టి చూడు. కన్వర్టర్ వేళ్ళతో తిప్పితే తిరగాలి, ఫ్లెక్స్ ప్లేట్‌కు దానికీ మధ్య 3 నుంచి 5 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. బోల్టులు వేసేటప్పుడు దాన్ని ముందుకు లాక్కోవాలి. ఖాళీ లేదంటే దించి మళ్ళీ కూర్చోబెట్టాల్సిందే, అక్కడ రాజీ లేదు. అన్ని కన్వర్టర్ బోల్టులూ చేత్తో ఎక్కించాకే ఒక్కోటి బిగించు. ఏ బోల్టు ఎంత బిగించాలో చెప్పే టార్క్ అంకెలు మీ మోడల్ మాన్యువల్‌లో చూసి కాగితం మీద రాసి గోడకు అంటించుకో.

ఆయిల్ విషయంలో ఆదా వద్దు. ఆ బాక్స్‌కు ఎస్‌పీ-3 రకం ఆటోమేటిక్ గేర్ ఆయిలే పోయాలి. అంగట్లో అన్నిటికీ ఒకటే అని ఇచ్చేది తీసుకోకు. ఆ ఆయిల్ జారుడు గుణాన్ని బట్టే క్లచ్‌లు పట్టుకుంటాయి. మొత్తం సుమారు 6 లీటర్లు పడుతుంది, 8 కొను. డ్రెయిన్ ప్లగ్ నుంచి దిగేది అందులో సగానికి అటూ ఇటూ, మిగతాది కన్వర్టర్‌లో, గొట్టాల్లో ఉండిపోతుంది. ముందు బాక్స్‌లో 4 లీటర్లు పోసి స్టార్ట్ చెయ్యి, ఆగకుండా ఇంకో అర లీటరు పొయ్యి. రేస్ ఇవ్వకు. బ్రేకు తొక్కి పట్టి గేర్ లివర్‌ను పీ (పార్కింగ్) నుంచి కింది దాకా, మళ్ళీ పైకి, ఒక్కో చోట 4, 5 సెకన్లు ఆగుతూ మార్చు. తర్వాత డిప్‌స్టిక్ చూస్తూ కొద్దికొద్దిగా కలుపు. అసలు లెక్క వేడి మీదే చూడాలి. ఆయిల్ 70, 80 డిగ్రీలకు వచ్చాక ఇంజిన్ నడుస్తుండగా న్యూట్రల్‌లో పెట్టి హాట్ గుర్తుల మధ్య ఉందో లేదో చూడాలి. మీ తోడల్లుడి హోండా సిటీకి మాత్రం ఇంజిన్ ఆపిన నిమిషం, నిమిషంన్నరలో చూడాలి, రెండూ కలిపేసుకోకండి. ఎక్కువ పోసినా ప్రమాదమే, గేర్లు చిలికి నురగ తెస్తే పంపు గాలి లాగుతుంది.

బండి పీ, ఎన్ (న్యూట్రల్)లలో తప్ప ఇంకెక్కడా స్టార్ట్ కాకూడదు. వేరేచోట స్టార్ట్ అయ్యిందంటే, గేర్ లివర్‌ను బాక్స్‌కు కలిపే సెలెక్టర్ కేబుల్ సరిచెయ్యి. స్కానర్ ఉన్నవాడి చేత కంప్యూటర్‌కు పాత బాక్స్ నేర్పిన లెక్కల్ని చెరిపించు. అవి అరిగిన క్లచ్‌లకు తగ్గట్టు పేరుకున్నవి, కొత్తదాన్ని ఎక్కువ ఒత్తిడితో కొడతాయి. మొదటి పరుగు పుంత మీదో ఏటిగట్టు మీదో వద్దు, ఆగితే పక్కకి తీసుకునే చోటుండదు. పొద్దున్నే ఖాళీ రోడ్డు మీద 20 కిలోమీటర్లు నిదానంగా పోయిరా. వచ్చాక కింద కాగితం పరిచి కారుతుందేమో చూడు. 1000 కిలోమీటర్ల తర్వాత ఒకసారి ఆయిల్ దించి, దించినంతే కొత్తది పొయ్యి.

దించిన పాత ఆయిల్ డబ్బాలో పోసి, పాత ఆయిల్ కొనేవాళ్ళకి ఇచ్చెయ్. బోదెలోనో కాలవలోనో పారబొయ్యకు. ఆ నీళ్ళే పక్కవాళ్ళ చేపల చెరువులోకి, కింది ఊరి మంచినీళ్ళ చెరువులోకి పోతాయి.

బేరం ఆడేముందు పాత బాక్స్ మీద కోడ్, రేడియేటర్ లోపలి భాగం, డిప్‌స్టిక్ చుక్కలు వేసిన కాగితం, ఈ మూడింటి ఫొటోలు నాకు పంపు. చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న