నర్సు ఇంటికి వస్తే పిల్లలపై హింస తగ్గుతుందా?

తొలిసారి తల్లి కాబోతున్న చిన్న వయసు స్త్రీల ఇళ్లకు నర్సులు క్రమం తప్పకుండా వెళితే, పిల్లలపై హింస, నిర్లక్ష్యం నిజంగా తగ్గుతాయా అన్నది ప్రశ్న. తగ్గుతాయనడానికి గట్టి ఆధారమే ఉంది. అయితే అది ప్రతి ఇంటికీ వర్తించదు.

అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో పరిశోధకుడు డేవిడ్ ఓల్డ్స్ బృందం 1970ల చివర 400 మంది గర్భిణులను లాటరీ పద్ధతిలో వేర్వేరు బృందాలుగా విడదీసి ఈ విషయాన్ని పరీక్షించింది. పూర్తి సేవ అందిన ఇళ్లకు నర్సు గర్భకాలంలో సగటున 9 సార్లు, ప్రసవం నుంచి బిడ్డకు రెండేళ్లు నిండేవరకు 23 సార్లు వెళ్లింది. ఆమె చేసినది నీతిబోధ కాదు. పొగతాగడం మాన్పించడం, బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తున్నప్పుడు అది మొండితనం కాదని, ఆకలో అలసటో కావచ్చని తల్లికి పోల్చుకోవడం నేర్పడం, పాకే వయసు వచ్చేలోపు ఇంట్లోని ప్రమాదకరమైన వస్తువులను అందకుండా పెట్టించడం, మలి కాన్పును ఎప్పటికి వాయిదా వేయాలో, ఆగిపోయిన చదువు ఎలా కొనసాగించాలో ఆమెతోనే ఆలోచింపజేయడం, ఇవీ నర్సు పనులు. పిల్లలకు 15 ఏళ్లు వచ్చేనాటికి, ఆ తల్లులపై పిల్లల పట్ల హింస, నిర్లక్ష్యం విషయంలో నిర్ధారణ అయిన ఫిర్యాదులు, నర్సు అసలు వెళ్లని ఇళ్ల తల్లులతో పోలిస్తే దాదాపు సగమే.

ఇక్కడే ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది: భార్యాభర్తల మధ్య హింస తరచుగా జరిగే ఇళ్లలో ఈ ఫలితం కనిపించలేదు. ఆ హింసను విడిగా పట్టించుకోకుండా తల్లికి ఎంత శిక్షణ ఇచ్చినా చాలదని నా అభిప్రాయం. ఇంగ్లండులో ఇదే పద్ధతిపై 2016లో వెలువడిన పరీక్షలో స్వల్పకాలిక ప్రయోజనాలు పెద్దగా తేలలేదు. అక్కడ తల్లులందరికీ శిక్షణ పొందిన మంత్రసాని, ఆరోగ్య సందర్శకుల (పసిపిల్లలున్న ఇళ్లకు వెళ్లే నర్సుల) సేవలు ముందే ఉండటం ఇందుకు ఒక కారణం కావచ్చు.