చదవకుండా యూనియన్ కార్డు మీద సంతకం పెట్టేశాను, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: కాలిఫోర్నియాలో ఒక ప్రైవేటు హాస్పిటల్లో నర్సుగా చేరి నాలుగు నెలలైంది. ఓరియెంటేషన్ రోజే యూనియన్ మనిషి కాగితాలు ఇచ్చి, సభ్యత్వం తీసుకోకపోతే ఉద్యోగం ఉండదన్నాడు. చదవకుండానే సంతకం పెట్టేశాను. మొదటి జీతం నుంచే చందా కోస్తున్నారు. ఇంటి దగ్గర అప్పులున్నాయి, టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. టెక్సాస్‌లో నా ఫ్రెండ్ ఒక్క సెంటు కూడా కట్టట్లేదు. పేరోల్‌కి మెయిల్ పెట్టి కోత ఆపించేస్తే తప్పేమైనా ఉందా?

జవాబు: ఉంది. ఆ మెయిల్ పంపకండి. కోత ఆగినంత మాత్రాన బాకీ ఆగదు, మీ పేరు మీద పెరుగుతూనే ఉంటుంది. యూనియన్ ముందుగా లెక్క చూపించి గడువిస్తుంది, అప్పటికీ కట్టకపోతే మిమ్మల్ని తీసేయమని హాస్పిటల్‌ని అడగొచ్చు, అలా తీసేస్తే చట్టం మీ వైపు ఉండదు.

అప్పుల సంగతితో ఈ కేసు తేలదమ్మా. తేలేది ఒక్క తేడా దగ్గర: సభ్యత్వం వేరు, డబ్బు కట్టడం వేరు. యూనియన్, హాస్పిటల్ కుదుర్చుకున్న అగ్రిమెంట్‌లో 'అందరూ సభ్యులుగా చేరాలి' అని రాసుకున్నా, అమెరికా సుప్రీంకోర్టు 1963లోనే దాన్ని డబ్బు కట్టే బాధ్యత వరకే కుదించింది. 1988లో ఇంకో తీర్పు వచ్చింది. సభ్యులు కానివాళ్లు అభ్యంతరం చెబితే, జీతాల బేరసారాలు, గ్రీవెన్సుల (యాజమాన్యం మీద ఉద్యోగులు పెట్టే ఫిర్యాదుల) లాంటి ప్రాతినిధ్యపు ఖర్చులో వాటా కడితే చాలు, రాజకీయ ఖర్చుకి పైసా ఇవ్వక్కర్లేదు. చేరడానికి కొత్తవాళ్లకి కనీసం 30 రోజుల గడువూ ఉంది. ఈ హక్కులు మీకు మొదటే చెప్పాల్సింది యూనియనే. అంటే ఆ రోజు మీకు చెప్పింది తప్పు.

ఫ్రెండ్‌తో పోల్చుకోవద్దు. 1947 నాటి అమెరికా కార్మిక చట్టం ఈ విషయాన్ని రాష్ట్రాలకి వదిలింది, టెక్సాస్‌తో కలిపి 26 రాష్ట్రాలు బలవంతపు చందాని నిషేధించాయి, కాలిఫోర్నియా వాటిలో లేదు. మీది కౌంటీ హాస్పిటలో, ప్రభుత్వ యూనివర్సిటీ హాస్పిటలో అయితే ప్రభుత్వ ఉద్యోగుల విషయంలో సుప్రీంకోర్టు ఇచ్చిన 2018 తీర్పు ప్రకారం అసలు ఏమీ కట్టక్కర్లేదు. మీరు ప్రైవేటు అంటున్నారు, పే స్లిప్ మీద యజమాని పేరు ఒకసారి చూసుకోండి.

ఇక సాక్ష్యం. జీతం కోసే కాగితం మీద చదవకుండా సంతకమా? రోగికి మందు ఇచ్చేటప్పుడు లేబుల్ చదవకుండా ఇస్తారా? 'చదవలేదు' అన్న మాట ఎక్కడా నిలవదు. 'చేరకపోతే ఉద్యోగం ఉండదన్నారు' అన్న మాట నిలుస్తుంది, అదీ రుజువుంటేనే. ఆ రోజు మీతో పాటు కూర్చున్న కొత్త నర్సులెవరు? వాళ్లకొచ్చిన మెసేజ్‌లు, ఓరియెంటేషన్ షెడ్యూల్, నాలుగు నెలల పే స్లిప్పులు ఈ రోజే దాచండి. నేషనల్ లేబర్ రిలేషన్స్ బోర్డుకి (ఇలాంటి యూనియన్ వివాదాలు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థకి) ఫిర్యాదు ఆరు నెలల్లోపే చేయాలి. మీకు మిగిలింది రెండు నెలలు. ప్రతి కోతతోనూ గడువు కొత్తగా మొదలవుతుందని ఎవరైనా చెబితే దాని మీద ఆధారపడకండి. ఫిర్యాదుకి ఫీజు లేదు.

ఈ వారమే యూనియన్‌కి సర్టిఫైడ్ మెయిల్‌లో ఉత్తరం పంపండి: సభ్యత్వానికి రాజీనామా చేస్తున్నాను, ప్రాతినిధ్యం కాని ఖర్చుకి అభ్యంతరం, తగ్గిన మొత్తం ఎంతో లెక్క చెప్పండి, నేను సంతకం చేసిన కాగితాల కాపీలు పంపండి. రాజీనామా ఎప్పుడైనా చేయొచ్చు. కాకపోతే కాంట్రాక్టు మీద ఓటు పోతుంది, అది చిన్న విషయమేమీ కాదు, మీ షిఫ్టులూ జీతమూ తేలేది అక్కడే. ఇంకోవైపు, సమ్మెలో డ్యూటీకి వెళ్తే యూనియన్ జరిమానా వేయగలిగేది సభ్యులకే. గ్రీవెన్స్ వస్తే మాత్రం సభ్యులు కాని మీ తరఫున కూడా వాళ్లు న్యాయంగా నిలబడాల్సిందే.

జీతంలోంచి చందా కోసుకోమని మీరిచ్చిన అనుమతి సంగతి వేరు. చాలాసార్లు అది ఏడాది దాకా వెనక్కి తీసుకోలేనిదిగా ఉంటుంది, ఆ తర్వాత కూడా దాన్ని రద్దు చేసుకోవడానికి ఏటా కొన్ని రోజులే అవకాశం ఇస్తారు. కాపీ చేతికొచ్చాక ఆ తేదీలు చూడండి. అందాకా కోతని జరగనివ్వండి.