బిల్ వాళ్లమ్మ ఇంటి మీద మబ్బు

చిరంజీవికి,

ఆశీస్సులు. నీ కథ రెండుసార్లు చదివాను. ఇంగ్లండులోని లీడ్స్ ఆసుపత్రిలో పనిచేసే మన తెలుగు నర్సూ, ఆమె సేవలు అందుకునే ఆ ముసలావిడా నా మనసులో నిలిచిపోయారు. అయితే ఇద్దరూ ఒకే నోటితో మాట్లాడినట్టుంది. పేజీకి పదిచోట్ల ‘బేసికల్లీ’, ‘యాక్చువల్లీ’, ‘యూ నో’ దొర్లుతున్నాయి. బయట వినిపించేది అదేనని నువ్వంటావు, నిజమే. ఆ ఊతపదాలు వింటే నాకూ ప్రాణం విసిగిపోతుంది, ముఖ్యంగా ‘ఎట్ ది ఎండ్ ఆఫ్ ది డే’ అని మొదలుపెట్టి ఏమీ తేల్చకుండా ముగించేవాళ్ల దగ్గర. కథకుడికి వాటితో ఇంతకంటే పెద్ద చిక్కుంది. హైదరాబాదులోనూ హ్యూస్టన్‌లోనూ లీడ్స్‌లోనూ అవి ఒకేలా పలుకుతాయి గనుక, ఆ మనిషి ఎక్కడ పుట్టిందో, ఏ పని చేసి బతికిందో చెప్పలేవు. నర్సు డాక్టరు ముందు నిలబడి తన పొరపాటు ఒప్పుకునే ఘట్టంలో మాత్రం వాటిని ఉంచు. భయంలో మాట దొరక్క ఆమె ‘యాక్చువల్లీ’ని మూడుసార్లు పట్టుకుని వేలాడితే, ఆ గుండెదడ మనకూ వినబడుతుంది.

ఇక ముసలావిడ సంగతి. లీడ్స్‌లో చదువుకునే రోజుల్లో నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ, ఒక సాయంత్రం చలిగాలి లోపలికి కొడుతుంటే, ‘పుట్ వుడ్ ఇన్ ద హోల్’ అన్నారు. ఏ కన్నంలో ఏ చెక్క పెట్టాలో తెలియక నేను పొయ్యి వైపు చూశాను. ఆవిడే లేచి వెళ్లి, తలుపు మూసి, దాని మీద అరచేత్తో తట్టి చూపించారు. వాకిలి కన్నమైతే తలుపు చెక్కే కదా! ఇన్నేళ్లయినా చలికాలంలో తలుపు వేసినప్పుడల్లా ఆ చేతి చప్పుడు గుర్తొస్తుంది.

అక్కడిదే మరో మాట, ‘వేర్ దేర్స్ మక్, దేర్స్ బ్రాస్’. ఉత్తర ఇంగ్లండువాళ్లు డబ్బును ఇత్తడి అంటారు. మురికి ఉన్నచోటే ఇత్తడి ఉంటుందన్న ఆ మాట, మసిలోనూ రంగునీళ్లలోనూ నాని సంపాదించిన ఉన్ని మిల్లుల ఊళ్లకు అతికినట్టు సరిపోతుంది. నువ్వు దాన్ని ‘కష్టే ఫలి’ అని తెలుగు చేశావు. అర్థం దగ్గరగానే ఉంది గాని, మురికీ పోయింది, ఇత్తడీ పోయింది. సామెతకు సామెత వెతకకు; వాళ్లు చూసిన బొమ్మనే మన మాటల్లో చూపించు.

ఇలాంటి మాటలను మోటువని తీసిపారేసే కాలంలో జోసెఫ్ రైట్ వాటిని పోగుచేసి, 1898 నుంచి 1905 వరకు ఆరు సంపుటాల ఆంగ్ల మాండలిక నిఘంటువు వెలువరించాడు. బ్రాడ్‌ఫర్డ్ దగ్గర పుట్టి, పసితనంలోనే రాతి క్వారీలో గాడిదబండి తోలి, తర్వాత మిల్లులో కూలిచేసి, పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడమే రాని ఆ మనిషి చివరికి ఆక్స్‌ఫర్డులో ఆచార్యుడయ్యాడు. మనకు 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి గారు వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం తెచ్చినప్పుడు, రైతు నోటి మాటకు అలాంటి గౌరవమే దక్కింది.

అలాగని ముసలావిడ నోరు తెరిచినప్పుడల్లా సామెత చెప్పించకు. ఒక్కోసారి చిన్న పదం చాలు. లీడ్స్ ఉన్న యార్క్‌షైర్ ప్రాంతపు పాతకాలం మనుషులు తొమ్మిది నుంచి అయిదు వరకు అనడానికి ‘నైన్ వైల్ ఫైవ్’ అంటారు. మామూలు ఇంగ్లీషులో ‘వైల్’కు ఆ అర్థం లేదు. మందు వేళ చెప్పేటప్పుడు నర్సు ఆ ఒక్క పదం దగ్గర తడబడితే, ఆ ఇద్దరి మధ్య దూరమంతా తెలిసిపోతుంది.

కిటికీ దగ్గర దృశ్యాన్ని తిరగరాసి పంపు. ముసలావిడను నాటింగ్‌హామ్‌లో పుట్టి పెరిగిన మనిషిని చెయ్యడానికి నీకు అభ్యంతరం లేకపోతే, దూరాన మబ్బు పట్టగానే ఆ మధ్య ఇంగ్లండు (మిడ్‌లాండ్స్) వాళ్లు అనే మాట ఆవిడ చేత అనిపించు: ‘బిల్ వాళ్లమ్మ ఇంటి మీద నల్లబడింది.’ ఆ బిల్ ఎవరని నర్సు అడగాలి. షేక్‌స్పియరే అనేవాళ్లున్నారు గాని, ఆవిడ మాత్రం తన తల్లి అలా అనేదని చెప్పి, కిటికీలోంచి వాన వచ్చేదాకా చూస్తూ కూర్చోవాలి.