ప్రపంచయాత్ర లెక్కలు, రెండు శనివారాలు

“తక్కువ ఖర్చుతో విమానాల్లో ప్రపంచాన్ని ఒక చుట్టు చుట్టి రావాలంటే ‘రౌండ్ ద వరల్డ్’ టికెట్ ఒకటే కొనుక్కోవడం మేలా, ఏ దశకు ఆ దశ విడిగా కొనుక్కోవడం మేలా?” అని అడిగారు. విడిగానే కొనుక్కోండి. విజయనగరంలో ముప్ఫై మూడేళ్ళు బ్యాంకు ఉద్యోగం చేసి, ఊళ్ళోవాళ్ళ అప్పుల లెక్కలన్నీ చూసి పదవీ విరమణ పొందిన నేను, ఈ ఒక్క లెక్క మాత్రం సొంత డబ్బుతో వేసి, మా ఆవిడతో కలిసి భూగోళాన్ని చుట్టి వచ్చాను కనుక, ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

2024లో వినాయక చవితి మరునాడు విశాఖపట్నంలో విమానమెక్కి, సింగపూరు, ఫిజీ దేశంలోని నాండి, శాన్‌ఫ్రాన్సిస్కో, న్యూజెర్సీ, లండన్ మీదుగా హైదరాబాదులో దిగి, అక్కడి నుంచి గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వచ్చి ఇల్లు చేరేసరికి, మా పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి ఇంకా రెండు రోజుల వ్యవధి ఉంది. మొత్తం ఆరు విమానాలు, 37,000 కిలోమీటర్ల పైచిలుకు దూరం. టికెట్లకు మనిషికి లక్షా ఎనభై వేల రూపాయల లోపే అయింది.

ఒకే టికెట్ మీద లోకం చుట్టాలన్న కోరిక పాతదే. పాన్ అమెరికన్ సంస్థ 1947 జూన్‌లోనే మన కలకత్తాను కూడా కలుపుతూ అటువంటి సర్వీసును మొదలుపెట్టింది. ఇప్పుడు ఆ టికెట్లను విమాన సంస్థల కూటములు అమ్ముతున్నాయి. స్టార్ అలయన్స్ వారి టికెట్‌లో రెండు నుంచి పదిహేను మజిలీల వరకు పెట్టుకోవచ్చు. అయితే మొదలుపెట్టిన దిక్కుకే సాగాలి, అట్లాంటిక్, పసిఫిక్ మహాసముద్రాలు రెండింటినీ ఒక్కొక్కసారి దాటాలి, బయలుదేరిన దేశానికే తిరిగి రావాలి, ఏడాదిలోగా ముగించాలి. వన్‌వరల్డ్ కూటమి ఒక రకం టికెట్‌లో ఎన్ని ఖండాలు తాకుతామన్నదాన్ని బట్టి ధర కట్టి, పదహారు విమానాలకు మించనివ్వదు. వీటి ధర బయలుదేరే దేశాన్ని బట్టి కూడా మారుతుంది. పది పన్నెండు ఊళ్ళు చూడాలనుకునే ఓపికా వయసూ ఉన్నవారికి ఇది గిట్టుబాటు కావచ్చునేమో గానీ, మాలాగా నాలుగైదు చోట్ల ఆగితే చాలుననుకునేవారికి, దిగని ఊళ్ళకు కూడా డబ్బు కట్టినట్టే అవుతుంది. పైగా విశాఖ నుంచి సింగపూరుకు పోయే చౌక విమానం వంటివి ఆ కూటముల లెక్కలోకి రావు. మేము చూసిన రోజున ఆ ఒక్క టికెట్ ధర మా విడి టికెట్ల మొత్తానికి ఒకటిన్నర రెట్లకు పైనే ఉంది.

విడి టికెట్లలో ప్రమాదం లేకపోలేదు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే ఎవరూ పూచీ పడరు. సామాను మధ్యలో మనమే తీసుకుని మళ్ళీ అప్పగించాలి, అలా తీసుకోవాలంటే ఆ దేశంలోకి అడుగుపెట్టాలి, అడుగుపెట్టాలంటే వీసా కావాలి. అందుకే ఒకే రోజు రెండు విమానాలు మారే పని పెట్టుకోకుండా, దిగిన ప్రతిచోటా కనీసం రెండు రాత్రులుండేటట్టు ఏర్పాటు చేసుకున్నాను. మూడు నిమిషాల వీడియోలలో ప్రపంచాన్ని చుట్టేసే కుర్రవాళ్ళు ఈ మాట ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

దారిని నిర్ణయించవలసింది పాస్‌పోర్టును ముందు పెట్టుకుని. మా అమ్మాయి పురుటికి వెళ్ళినప్పుడు తీసుకున్న పదేళ్ళ అమెరికా వీసా మా ఇద్దరికీ ఉంది కనుక సగం ఖర్చు, ముప్పాతిక దిగులు అప్పటికే తీరిపోయాయి. ఫిజీకి భారతీయులు ముందుగా వీసా తీసుకోనక్కరలేదు. సింగపూరు వీసాకు మనిషికి ముప్ఫై సింగపూరు డాలర్లు, బ్రిటన్ ఆరు నెలల సందర్శక వీసాకు 115 పౌండ్లు అయ్యాయి. విశాఖలో ఒక ట్రావెల్ ఏజెంటు, న్యూజెర్సీ నుంచి లండన్‌కు టొరంటో మీదుగా వెళితే చవక అంటూ దాదాపు టికెట్ తీయించినంత పని చేశాడు. భారతీయులకు కెనడాలో విమానం మారడానికి కూడా వీసా ఉండాలన్న సంగతి ఆయనకు తెలియదో, తెలిసీ చెప్పలేదో మరి. ఆ పొదుపును నమ్ముకుని ఉంటే విమానాశ్రయంలో కౌంటరు దగ్గరే మా ప్రపంచయాత్ర ముగిసి ఉండేది.

ఇక కాలం సంగతి. అమెరికాలో బడి సెలవులు ముగిశాక సెప్టెంబరులో అట్లాంటిక్ మీది ధరలు దిగివస్తాయి, ఫిజీలో వానలు, తుపానులు ఇంకా మొదలు కావు. లండన్ దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. అక్కడ దిగినందుకు కాదు, అక్కడి నుంచి బయలుదేరినందుకు పన్ను వేస్తారు. మన దూరానికి ఎకానమీ తరగతిలో ఆ ఏడాది మనిషికి 88 పౌండ్లు. చౌకగా కనిపించిన టికెట్‌లో అంత భాగం పన్నేనని తెలిసినప్పుడు, బ్యాంకు సర్వీసు చార్జీల మీద ఖాతాదారులు నాతో ఎందుకు పోట్లాడేవారో ఆలస్యంగా అర్థమైంది.

ఫిజీ ఎందుకని చాలామంది అడిగారు. పసిఫిక్ మధ్యలో ఆగడానికి హవాయి అయినా సరిపోయేది కదా అన్నారు. 1879 నుంచి 1916 దాకా మన దేశం నుంచి 60,000 మందికి పైగా ఒప్పంద కూలీలను చెరకు తోటల పనికి ఫిజీ దీవులకు తీసుకుపోయారు. 1903 నుంచి మద్రాసు రేవులో కూడా ఓడలెక్కించారు. వాళ్ళలో మా ఉత్తరాంధ్రవాళ్ళూ ఉన్నారు. ఆ ఒప్పందానికి వాళ్ళు పెట్టుకున్న పేరు గిర్మిట్. నాండిలోని సుబ్రహ్మణ్యస్వామి గుడిలో కలిసిన ఒక పెద్దావిడ, ఫిజీ హిందీలో మాట్లాడుతూ మాట్లాడుతూ, మేము తెలుగువాళ్ళమని తెలియగానే “రా, కూర్చో, తిను” అంది. అంతకు మించి ఆమెకు తెలుగు రాదు. మా ఆవిడ ఆమె పక్కన చాలాసేపు కూర్చుంది.

తినలేకపోయింది మాత్రం. ఎందుకంటే ఆ రోజు శనివారం, సెప్టెంబరు 14. మా ఆవిడ పెళ్ళయిన నాటి నుంచీ శనివారాలు వేంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉంటుంది. పగలంతా ఏమీ తినకుండా, దీపం పెట్టాకే భోజనం చేస్తుంది. నాండిలో సూర్యుడు ఆరింటికే అస్తమించాడు. హోటల్ గదిలో దీపం పెట్టుకుని, పెరుగన్నం తిని, ఈ వారానికి స్వామి రుణం తీరిందన్న తృప్తితో ఆమె రాత్రి తొమ్మిది గంటల వేళకు శాన్‌ఫ్రాన్సిస్కో విమానమెక్కింది. తెల్లవారి విమానంలో ఇచ్చిన ఫలహారంలో గుడ్డు కనబడితే పక్కకు నెట్టేసి, మేనల్లుడి ఇంట్లో ఇడ్లీ తినవచ్చులే అంది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. ప్రయాణ వివరాలన్నీ నేను లెడ్జర్ గీతల పుస్తకంలో రాసుకున్నాను. శనివారం రాత్రి ఎక్కి, పదిన్నర గంటలు ప్రయాణం చేస్తే దిగేది ఆదివారం కాక మరేమవుతుంది? టికెట్ మీద చేరే తేదీ కూడా 14 అనే ఉంటే, అది అచ్చుతప్పనుకుని నా పుస్తకంలో 15 అని దిద్దుకుని, ఆ పేజీనే ఫొటో తీసి శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి ఫ్రీమాంట్‌లో ఉన్న మేనల్లుడికి పంపించాను. పసిఫిక్‌లో తూర్పుకు దాటితే తేదీ ఒక రోజు వెనక్కి పోయే అంతర్జాతీయ దినరేఖ గురించి తొమ్మిదో తరగతిలో చదువుకున్నాను, పరీక్షలో రాశాను కూడా. కానీ ఆ రేఖ నా టికెట్ మీదుగా పోతుందని మాత్రం తోచలేదు.

శాన్‌ఫ్రాన్సిస్కోలో మధ్యాహ్నం దిగి, ఇమ్మిగ్రేషన్ పూర్తి చేసుకుని బయటకు వస్తే మావాడు లేడు. గంట చూసి, విమానాశ్రయం వారి వైఫై పట్టుకుని ఫోను చేశాను. వాడు కొడుకు ఈత పోటీల కోసం శాక్రమెంటోలో ఉన్నాడు.

“మామయ్యా, మీరు వచ్చేది రేపు కదా?”

“ఇవాళ ఆదివారమే కదురా!”

“కాదు మామయ్యా, ఇంకా శనివారమే.”

అప్పటికే మా ఆవిడ ఆకలికి ఆగలేక ఒక బన్ను కొనుక్కుని కాగితం విప్పుతోంది. ఫోను స్పీకరులో ఉంది. శనివారం అన్న మాట వినగానే ఆమె ఆ బన్నును మళ్ళీ కాగితంలో చుట్టి సంచిలో పెట్టేసింది. నిన్న నాండిలో చేసిన ఒక్కపొద్దు చెల్లుతుందనీ, శరీరానికి వారం గడవలేదనీ, భూమి గుండ్రంగా ఉండడం వల్ల వచ్చిన చిక్కే గాని ఇందులో దైవాపచారం లేదనీ ఎంత చెప్పినా వినలేదు. “అక్కడ చేసింది అక్కడి శనివారానికండీ. వారం మళ్ళీ వచ్చాక ఒక్కపొద్దు కూడా మళ్ళీ రావాలి కదా?” అంది. మేనల్లుడు వచ్చేసరికి మరో రెండున్నర గంటలు పట్టింది. దారిలో వాడు, మెజెల్లన్ బృందంలో బతికి మిగిలినవాళ్ళు లోకం చుట్టి 1522 జులైలో కేప్ వెర్ద్ దీవులకు చేరినప్పుడు, ఓడలో బుధవారమైతే రేవులో గురువారమై ఉండడం చూసి ఎంత తికమక పడ్డారో అత్తయ్యకు వివరంగా చెప్పాడు. వాళ్ళు పడమటికి వెళ్ళారు కనుక రోజు పోయింది, మేము తూర్పుకు వచ్చాము కనుక రోజు కలిసింది. ఆమె అంతా శ్రద్ధగా విని, ఫ్రీమాంట్‌లో సూర్యాస్తమయం ఎన్నింటికని మాత్రం అడిగింది. సెప్టెంబరు నడుమ అక్కడ సూర్యుడు ఏడు దాటితే గాని అస్తమించడు.

తేదీల విషయం ఇంత పొడిగించి చెప్పడానికి కారణం లేకపోలేదు. మాకు పోయింది ఒక మధ్యాహ్నం, ఒక బన్ను మాత్రమే. అదే పసిఫిక్‌ను పడమటి దిక్కుగా దాటేవారైతే, లేని రోజుకు హోటల్ గది తీసుకుని డబ్బు పోగొట్టుకుంటారు. టికెట్ మీద ఉన్న తేదీలు ఏ ఊరివి ఆ ఊరి స్థానిక తేదీలే. వాటిని దిద్దకండి.

సామాను సంగతి కూడా చెప్పక తప్పదు. చౌక టికెట్ అన్నప్పుడు, అందులో పెద్ద పెట్టె ధర చేరి ఉండదు. మా ఇద్దరి బట్టలు పద్నాలుగు కిలోలైతే, అమెరికాలోని బంధువులు అడిగిన ఆవకాయ, మాగాయ, పూతరేకులు, ఒడియాలు పదహారు కిలోలు. ఆ పచ్చళ్ళ మీద ప్రతి విమానానికీ కట్టిన అదనపు రుసుముతో ఫ్రీమాంట్ దుకాణాల్లో రెండేళ్ళకు సరిపడా ఆవకాయ వచ్చేది. ఫిజీలో దిగినప్పుడు, తినే వస్తువులన్నీ కాగితం మీద ప్రకటించి, ఒక్కో సీసా విప్పి చూపించవలసి వచ్చింది. మెంతి ఆవకాయ వాసనకు ఆ అధికారి తుమ్మి, త్వరగానే వదిలిపెట్టాడు. బంధువుల ఇళ్ళలో మూడు వారాలు ఉచితంగా ఉన్నాం కనుక ఈ ఖర్చును అద్దె కింద రాసుకున్నాను.

ఈ మధ్య మా అమ్మాయి మళ్ళీ రమ్మంటోంది. ఈసారి పడమటి దిక్కుగా చుట్టి రావాలని మా ఆవిడ పట్టుబడుతోంది. స్వామి దగ్గర తనకు ఒక శనివారం నిల్వ ఉందనీ, శాన్‌ఫ్రాన్సిస్కోలో శుక్రవారం రాత్రి ఎక్కితే ఆదివారం తెల్లవారుజామున నాండిలో దింపే విమానం దొరికితే, నడుమ మాయమయ్యే శనివారంతో ఆ పద్దు చెల్లు వేసుకోవచ్చనీ ఆమె లెక్క. వెతికాను. అటువంటి విమానం ఉంది. కాని మంగళవారం నాటి టికెట్ కన్నా ఇద్దరికీ కలిపి పదకొండు వేలు ఎక్కువ చూపిస్తోంది. ఆ మాట ఆమెతో ఇంకా చెప్పలేదు.