అంతా జీరో లేయర్‌లోనే గీస్తే ఏమవుతుంది?

చిత్తూరులో డిప్లొమా చదువుతున్న తమ్ముడు అడిగింది ఇదీ: "ఇంటి ప్లాన్ మొత్తం ఆటోక్యాడ్‌లో (కంప్యూటర్‌లో ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్) జీరో లేయర్‌లోనే గీశాను. గోడలకి ఎరుపు, తలుపులకి పసుపు అని రంగులు మార్చుకున్నాను. బొమ్మ బాగానే ఉంది. మరి సార్ ఎందుకు తిడుతున్నారు?"

తమ్ముడూ, బొమ్మ బాగుండటం వేరు, ఆ బొమ్మ మనం చెప్పినట్టు వినడం వేరు. లేయరంటే ఒకదాని మీద ఒకటి పరిచిన పారదర్శక కాగితం లాంటిది, ఒక్కోదాన్ని విడిగా దాచుకోవచ్చు. జీరో అనేది ప్రతి కొత్త ఫైల్‌లో ముందే ఉండే లేయర్. రేపు ఎలక్ట్రీషియన్ వచ్చి, ఫర్నిచర్, కొలతలు అన్నీ తీసేసి ఒట్టి గోడల ప్రింట్ ఇవ్వండి అంటాడు. లేయర్లుంటే రెండు క్లిక్కుల పని. నీ ఫైల్‌లో అయితే గీతలన్నీ ఏరుకుంటూ కూర్చోవాలి. దేన్ని విడిగా దాచాల్సి వస్తుందో దానికొక లేయర్, నేను పాటించే లెక్క ఇంతే. మామూలు ఇంటికి 10, 12 చాలు. 40 లేయర్లు పెట్టి, ఏది ఎందులో ఉందో మర్చిపోయినవాళ్లనీ చూశాను.

ఇక నా పరువు పోయిన సంగతి. తిరుపతిలో ఒక ఇంజినీర్ గారి దగ్గర కొత్తగా చేరాను. తిరుచానూరు రోడ్డు వైపు ఒక లాడ్జి పని. ఫైల్‌లో డెఫ్‌పాయింట్స్ అని ఒక లేయర్ ఉంది. అది ఎవరూ పెట్టక్కర్లేదు, కొలతలు వేయగానే సాఫ్ట్‌వేర్ తనంతట తనే తయారు చేసుకుంటుంది. అందులోవి స్క్రీన్ మీద కనిపిస్తాయి కానీ ప్రింట్‌లో రావు. నాకంటే ముందు పనిచేసినాయన అందులో గుర్తు గీతలు కొన్ని వేసి పెట్టాడు. నేను అలాంటి గీతని నొక్కి, దాని లేయర్‌నే కరెంట్ లేయర్ (ఇక గీసేవన్నీ పడే లేయర్) చేసుకుని, మెట్ల దగ్గరి నాలుగు పిల్లర్లు అందులో గీసేశాను. స్క్రీన్ మీద చక్కగా ఉన్నాయి. ఏ1 షీట్ ప్రింట్ తీయించి సైట్‌కి పంపాం.

పొద్దున్నే మేస్త్రి ఫోన్. "ఏం సా, టేబుల్లో 18 పిల్లర్లని రాసుండాది, బొమ్మలో 14 మాత్రమే ఉండాయి, సరిగ్గా లెక్కెట్టినా. మిగతా నాలుగూ యాడ?" ఆయన లెక్కపెట్టాడు కాబట్టి సరిపోయింది. మార్కింగ్ అయిపోయుంటే నా పని గోవిందా. అప్పట్నించి ప్రింట్‌కి ముందు ప్రివ్యూ చూడనిదే పంపను.

లేయర్‌ని ఆఫ్ చేయడం, ఫ్రీజ్ చేయడం రెండూ దాచేవే కదా అని కలిపేయకు. ఆఫ్ చేసిన లేయర్‌లోవి కంటికి కనిపించవు గానీ, ఎరేజ్ కొట్టి 'ఆల్' అంటే అవి కూడా పోతాయి. ఫ్రీజ్ చేసినవి పోవు. అదే మూవ్ కొట్టి 'ఆల్' అంటే తిరకాసు ఇంకోవైపు నుంచి వస్తుంది: ప్లాన్ జరుగుతుంది, ఫ్రీజ్‌లో ఉన్న కొలతలు పాత చోటే ఉండిపోతాయి. అందుకే మొత్తం బొమ్మని జరిపే ముందు అన్ని లేయర్లూ తెరిచేస్తాను.

జీరో లేయర్ పనికిరానిదని కాదు. తలుపు, కమోడ్ లాంటి బ్లాకులు (ఒకసారి గీసి పదేపదే వాడుకునే బొమ్మలు) తయారు చేసేటప్పుడు లోపలి గీతలు జీరోలోనే, రంగు బైలేయర్‌లోనే (అంటే లేయర్ రంగే తీసుకునేలా) ఉండాలి. అప్పుడా బ్లాక్‌ని ఏ లేయర్‌లో పెడితే ఆ లేయర్ రంగు తీసుకుంటుంది. వేరే లేయర్లో గీస్తే ఎక్కడ పెట్టినా పాత రంగే పట్టుకుని వేలాడుతుంది.

ఇప్పుడు నీ ఫైల్ సంగతి. మళ్లీ గీయక్కర్లేదు, రంగులు మార్చుకుని మంచి పనే చేశావు. ముందు ఫైల్‌కి ఒక కాపీ తీసి పెట్టుకో. గోడలు, తలుపులు, కిటికీలు అని కావాల్సిన లేయర్లు సృష్టించి, వాటికి రంగులివ్వు. క్విక్ సెలెక్ట్‌లో రంగు ఎరుపు అని ఇస్తే గోడలన్నీ ఒకేసారి పట్టుబడతాయి, లేయర్ మార్చెయ్. పసుపుకీ అంతే. అన్నీ అయ్యాక సెట్‌బైలేయర్ కమాండ్ కొడితే, చేత్తో ఇచ్చిన రంగులు పోయి లేయర్ రంగులు వస్తాయి. కొలతలూ అక్షరాలూ ఒకే రంగులో ఉంటే మాత్రం రంగుతో కాకుండా వస్తువు రకంతో వెతుకు. గంటలో అయిపోతుంది. ఆ లేయర్లతో ఖాళీ ఫైల్ ఒకటి టెంప్లేట్‌గా సేవ్ చేసుకుంటే, వచ్చే ప్లాన్‌కి ఆ గంట కూడా పట్టదు.