ఎండకు కారు డిక్కీలో ఉండిపోయిన సెలైన్ బాటిల్ వాడొచ్చా?

రోజుల తరబడి డిక్కీలో ఉడికినదైతే వాడకండి. మందుల షాపు నుంచి ఇంటికి తెచ్చే పావుగంట ఎండకు మాత్రం టెన్షన్ అక్కర్లేదు.

గాజు సీసాలా ప్లాస్టిక్ పూర్తిగా బిగువు కాదు. దాని గోడల గుండా నీరు ఆవిరై కొద్దికొద్దిగా బయటికి పోతుంది, వేడికి ఇంకా త్వరగా. పోయేది నీరే, ఉప్పు లోపలే ఉంటుంది. అరలీటరు నార్మల్ సెలైన్‌లో ఉప్పు 4.5 గ్రాములు, అంటే 0.9 శాతం. అందులో 25 మి.లీ. నీరు తగ్గిందనుకోండి, గాఢత దాదాపు 0.95 అవుతుంది. మూత బిగించే ఉంటుంది, చూస్తే తేడా కనిపించదు.

‘ఫ్యాక్టరీలో 121 డిగ్రీల దగ్గర స్టెరిలైజ్ చేస్తారుగా, బెజవాడ ఎండ ఏపాటి?’ అంటారు చాలామంది. అది నిమిషాల లెక్క, డిక్కీ రోజుల లెక్క. లేబుల్ మీద సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉంచమని ఉంటుంది (మే నెలలో మన దగ్గర అది దొరకడమే గగనం). కిటికీకి, వంట గట్టుకు దూరంగా, ఇంట్లో చల్లటి గది అలమరలో పెట్టండి. ఫ్రీజర్‌లో వద్దు, గడ్డకడితే ప్లాస్టిక్ పగలొచ్చు. వాడబోయే ముందు నర్సు బాటిల్‌ను గట్టిగా నొక్కి, వెలుతురుకు ఎత్తి చూసేది ఎక్కడైనా కారుతున్న చెమ్మ, లోపలి నలకల కోసమే.