‘శాంతిభద్రతలు’ వేరు, ‘శాంతి, భద్రత’ వేరు

సందేహం: మా మహిళా సంఘం తరఫున ఒక చిన్న పుస్తకం రాస్తున్నాను. యుద్ధాలను ఆపే చర్చల్లో, శాంతి ఒప్పందాల్లో ఆడవాళ్లకు చోటుండాలన్నది అందులోని విషయం. ‘శాంతిభద్రతల పరిరక్షణలో పాల్గొనేలా మహిళలను ప్రోత్సహిద్దాం’ అని పేరు పెట్టాను. చూసినవారొకరు ‘పోలీసు ఉద్యోగాల ప్రకటనలా ఉంది’ అన్నారు. ఇందులో తప్పేమిటి? ‘పాల్గొనడం’, ‘భాగస్వామ్యం’ – వీటిలో ఏది సరైనది? ‘మహిళా ప్రతినిధి’ అన్నా ‘మహిళల ప్రతినిధి’ అన్నా ఒకటేనా?

సమాధానం: మీకు ఆ మాట చెప్పినవారు సరిగ్గానే పట్టుకున్నారు. వ్యాకరణపరంగా మీ పేరులో దోషమేమీ లేదు. శాంతి, భద్రత కలిస్తే శాంతిభద్రతలు, ద్వంద్వ సమాసం. అయితే ఏళ్ల తరబడి ఒకే సందర్భంలో వాడగా వాడగా కొన్ని సమాసాలు విడి మాటల అర్థాన్ని దాటిపోతాయి. ‘పిల్లల మంచిచెడ్డలు చూసుకుంటోంది’ అంటే మంచిని ఒక పక్కన, చెడ్డను ఒక పక్కన పేర్చి చూస్తోందని కాదు కదా. ‘వంతెన కూలి రాకపోకలు నిలిచిపోయాయి’ అంటే ఎవరు వచ్చారు, ఎవరు పోయారని ఎవరూ అడగరు. శాంతిభద్రతలు కూడా అలా ముద్దకట్టిన మాటే.

‘శాంతిభద్రతలు అదుపులో ఉన్నాయి’ అనే వాక్యం పత్రికల్లో ఎన్నోసార్లు చదివి ఉంటారు. ఒక్కసారి ఆగి చూడండి. అదుపులో ఉండాల్సింది గొడవ. శాంతి అదుపులో ఉండటమేమిటి? అయినా ఈ వాక్యం మన చెవికి తేడాగా వినిపించదు. ఎందుకంటే అక్కడ మనకు శాంతీ వినబడదు, భద్రతా వినబడదు. బందోబస్తు, కర్ఫ్యూ, పోలీసు పహారా వినబడతాయి. మీ పుస్తకం చేతికి తీసుకున్న పాఠకుడు కూడా ముందుగా అక్కడికే వెళ్తాడు.

మీరు రాస్తున్న విషయం వేరు. 2000 అక్టోబరు 31న ఐక్యరాజ్యసమితి భద్రతామండలి 1325వ తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. యుద్ధాల నివారణలో, పరిష్కారంలో, ఆ తర్వాతి పునర్నిర్మాణంలో నిర్ణయాలు జరిగే ప్రతి స్థాయిలోనూ మహిళల ప్రాతినిధ్యం పెరగాలన్నది దాని సారం. ఇక్కడ శాంతి అంటే రెండు సైన్యాల మధ్య కాల్పులు ఆగడం, ఒప్పందం కుదరడం, అది నిలబడటం. భద్రత అంటే దేశాలకూ ప్రజలకూ యుద్ధభయం లేకుండా ఉండటం. ఈ రెంటినీ ఒక సమాసంగా అతికించకండి. ‘మహిళలు, శాంతి, భద్రత’ అని విడిగా, కామాలతో రాయండి.

ఇందులో ఒక చిక్కుంది. విభక్తి చేరగానే ‘శాంతి, భద్రతల్లో’ అని బహువచనం వచ్చేస్తుంది. కామా ఉన్నా చదివేవారి నోట మళ్లీ పాత సమాసమే పలుకుతుంది. అలాంటి చోట తెలుగుకు సహజమైన దారి ఒకటుంది: ‘శాంతి సాధనలోనూ భద్రతా నిర్ణయాల్లోనూ’. ఆ ‘నూ’ రెండింటినీ కలుపుతూనే విడిగా నిలబెడుతుంది.

అంతమాత్రాన శాంతిభద్రతలు అన్న మాటను మీ పుస్తకంలోంచి వెళ్లగొట్టక్కర్లేదు. 2007లో ఐక్యరాజ్యసమితి తరఫున భారతదేశం నుంచి ఒక మహిళా పోలీసు దళం పశ్చిమాఫ్రికా దేశమైన లైబీరియా వెళ్లింది. శాంతి పరిరక్షణ దళాల చరిత్రలో పూర్తిగా మహిళలతో ఏర్పడిన మొదటి పోలీసు దళం అది. వాళ్లు రాజధాని మన్రోవియా వీధుల్లో గస్తీ తిరిగారు. అక్కడ ‘శాంతిభద్రతలు కాపాడారు’ అని నిక్షేపంగా రాయండి.

కానీ అదే లైబీరియాలో అంతకు నాలుగేళ్ల ముందు జరిగింది వేరు. అంతర్యుద్ధాన్ని ఆపడానికి 2003లో ఘనా రాజధాని అక్రాలో చర్చలు మొదలయ్యాయి. వారాలు గడిచినా తెమల్లేదు. లేమా బోవీ నాయకత్వంలో లైబీరియా మహిళలు చర్చలు జరిగే గది ముందు బైఠాయించారు. చేతులు కలిపి దారికి అడ్డంగా కూర్చుని, ఒప్పందం కుదిరేదాకా లోపలివాళ్లను కదలనివ్వబోమన్నారు. మధ్యవర్తిగా ఉన్న నైజీరియా మాజీ దేశాధినేత అబ్దుల్‌సలామీ అబూబకర్ వచ్చి వాళ్లతో మాట్లాడాల్సి వచ్చింది. ఆగస్టు 18న ఒప్పందం మీద సంతకాలయ్యాయి. ఇది శాంతిభద్రతల పరిరక్షణ కాదు, శాంతి సాధన. నిజానికి అక్కడ శాంతిభద్రతలు చూసుకునే సిబ్బంది వాళ్లను తలుపు దగ్గర్నుంచి లేపడానికి వచ్చినవాళ్లు!

నాకు ఎక్కువ అభ్యంతరం ‘మహిళలను ప్రోత్సహిద్దాం’ దగ్గర. ప్రోత్సాహంలో ఉన్నది ఉత్సాహం. ప్రోత్సహించడమంటే ఉత్సాహం పుట్టించడం, వెనకాడేవాళ్లను ముందుకు నెట్టడం. అంటే లోటు మహిళల్లోనే ఉందని మీ పేరు తెలియకుండానే చెప్పేస్తోంది. అక్రాలో ఆ గది ముందు కూర్చున్నవాళ్లకు ఏ ఉత్సాహం తక్కువైంది? తక్కువైంది లోపల కుర్చీ. 1325వ తీర్మానంలోని మొదటి అంశం కూడా మహిళలను ముందుకు రమ్మనలేదు, ప్రాతినిధ్యం పెరిగేలా చూడమని సభ్యదేశాలను కోరింది. ‘భాగస్వామ్యం కల్పించడం’ అన్నా నాకు పూర్తిగా నచ్చదు, దయతలచి ఇచ్చినట్టుంటుంది. ‘పెంచడం’ అనండి చాలు.

ఇక పాల్గొనడం. ఈ మాట పుట్టుక చాలా బాగుంటుంది. పాలు అంటే వాటా. దాయాదుల్ని పాలివాళ్లు అంటాం, సగపాలు అంటాం. పాలు, కొను కలిసి పాల్గొను అయింది, అంటే వాటా తీసుకోవడం. మీరు కోరుకునే అర్థం సరిగ్గా అదే. కానీ వాడుక దాన్ని అరగదీసింది. ‘సభలో పలువురు మహిళలు పాల్గొన్నారు’ అంటే ఈరోజు హాజరయ్యారనే అర్థం, వాళ్ల మాటకు విలువ దక్కిందో లేదో ఆ క్రియ చెప్పదు. భాగస్వామ్యంలో వాటా ఇంకా పైకి కనిపిస్తోంది, పైగా ‘స్వామి’ ఉండటం వల్ల హక్కు కూడా ధ్వనిస్తుంది. కాబట్టి నామవాచకంగా ‘భాగస్వామ్యం’ వాడండి. క్రియ కావాల్సిన చోట ‘పాలుపంచుకోవడం’ చక్కగా అతుకుతుంది.

‘మహిళా ప్రతినిధి’, ‘మహిళల ప్రతినిధి’ ఒకటి కావు. మొదటిది ప్రతినిధి అయిన మహిళ. రెండోది మహిళల తరఫున మాట్లాడే వ్యక్తి, అది పురుషుడైనా కావచ్చు. ఈ తేడా చిన్నదనుకోకండి. ఉత్తర ఐర్లండ్‌లో 1996లో మహిళా కూటమి అనే పార్టీ పుట్టింది. మోనికా మెక్‌విలియమ్స్, పెర్ల్ సేగర్ దాని తరఫున శాంతి చర్చలకు వెళ్లారు. 1998 ఏప్రిల్ 10న కుదిరిన ఒప్పందంలో మహిళల రాజకీయ హక్కు గురించి మాత్రమే కాక, హింసలో నష్టపోయిన బాధితుల గురించి, క్యాథలిక్, ప్రొటెస్టంట్ వర్గాల పిల్లలు కలిసి చదువుకునే బడుల గురించి కూడా మాటలు చేరడం వెనక వాళ్ల కృషి ఉంది. వాళ్లను ‘మహిళల ప్రతినిధులు’ అంటే చేసిన పనిలో సగం కత్తిరించినట్టే. 2014లో ఫిలిప్పీన్స్ ప్రభుత్వం తరఫున, దేశపు దక్షిణాన పోరాడుతున్న ముస్లిం తిరుగుబాటుదారులతో కుదిరిన బంగ్సమోరో శాంతి ఒప్పందం మీద సంతకం చేసిన ముఖ్య ప్రతినిధి మిరియం కరోనెల్ ఫెర్రర్ కూడా అంతే. ఆమె దేశానికి ప్రతినిధి. మీ పుస్తకంలో ఆమె పేరు వచ్చేచోట ‘మహిళా’ అని చేర్చకపోయినా ఫరవాలేదు, ‘ఆమె’ అన్న సర్వనామమే ఆ సంగతి చెబుతుంది. చేర్చితే మాత్రం దీర్ఘంతో ‘మహిళా ప్రతినిధి’ అనే రాయాలి, సంస్కృత సమాసం కాబట్టి ‘మహిళ ప్రతినిధి’ కుదరదు.

పుస్తకానికి పేరు ‘శాంతి సాధనలోనూ భద్రతా నిర్ణయాల్లోనూ మహిళల భాగస్వామ్యం’ అని పెట్టండి. అట్ట మీద చోటు చాలకపోతే ‘శాంతి చర్చల్లో మహిళల వాటా’ అనండి.